ఉప్పెక్కిన దొరువు

మొన్న నా మనవరాలు నెల్లూరు నుంచి వస్తూ ఒక మల్లెమొక్క తెచ్చింది. నల్ల సంచిలో జానెడు మొక్క. ఆ జానెడు మొక్కకే కొమ్మకొమ్మకూ మొగ్గలు. నర్సరీవాళ్ళు ఏ మందు పోస్తారో గాని, పాలు మానని పిల్ల చంకలో బిడ్డనెత్తుకుని నిలబడ్డట్టు ఉంది నా కంటికి. పిల్ల కాళ్ళు కడుక్కుని వచ్చేలోపల నా చేతులు వాటి పాటికి అవి పని మొదలుపెట్టాయి. గోటితో ఒక్కో మొగ్గా తుంచి మొక్క మొదట్లోనే వేస్తున్నాను. చూసి కేక పెట్టింది. "అవ్వా! ఏం చేస్తుండావు? పూల కోసమే గదా బస్సులో ఒళ్ళో పెట్టుకోని తెచ్చింది!" అంది. తొలి ఏడు పూయనీకూడదన్నాను. ఎవరు చెప్పారంది. మా నాయన అన్నాను. ఆ మాట అనగానే నోరు చేదయింది. ఎన్నేళ్ళయినా అంతే, ఆయన ఊసు ఎత్తితే నాకు కాసేపు అన్నం సహించదు. నా ముఖం చూసి ఆ పిల్ల, "ఆయన సంగతి ఎప్పుడూ చెప్పవేమవ్వా? చెప్పు, రాసుకుంటా" అంది. నాకు వేలిముద్ర తప్పి పేరు రాసుకునే వరకే చదువు. అందుకని నేను చెప్తున్నాను, అది రాస్తోంది. ఒక్కటే షరతు పెట్టాను. నేను చేదుగా అన్నది చేదుగానే రాయాలి, చక్కెర కలపకూడదు.

మాది మైపాడు పక్కన, సముద్రానికి పిలుపుదూరం. పట్టపాలెంలో పడవలు ఒడ్డుకొస్తే ఆ అరుపులు మా వంటింట్లోకి వినబడేవి. అంతా ఇసుక. ఆ నేలలో బావి తవ్వితే ఉప్పునీళ్ళే. ఇసుకలో నడుములోతు గుంట తవ్వితే మాత్రం తియ్యటి నీళ్ళు ఊరతాయి. వాన నీరు ఇసుకలోకి దిగి, అడుగునున్న ఉప్పునీటి మీద మీగడలాగా నిలుస్తుంది. ఆ గుంటనే దొరువంటాం. దొరువు దగ్గర ఆశపడకూడదు. నీళ్ళు తగ్గాయి గదా అని ఇంకాస్త లోతుకు పోయామా, మీగడ చినిగి ఉప్పు పైకి తేలుతుంది. మా నాయన ఆ దొరువు నీళ్ళతోనే మల్లెతోట పెంచాడు. పొద్దున్నే గుంటలో చెయ్యి ముంచి నాలుక మీద వేసుకుని, అటూ ఇటూ తిప్పి, ఉమ్మి, తల ఊపేవాడు. ఆ తల ఊపు అయ్యాకే కడవలు ముంచాలి. నీళ్ళను నాలుకతో తూచే మనిషని చుట్టుపక్కల ఆయనకు పేరు. కొత్తగా దొరువు తవ్వుకునేవాళ్ళు వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. మాకు అప్పుడు తెలియలేదు గాని, మా ప్రాణాల కంటే కూడా.

తెల్లవారకముందే లేచేవాళ్ళం. మంచుకు తడిసిన ఇసుక కాళ్ళకు ఐసుగడ్డలాగా తగిలేది. మొగ్గ విచ్చకముందే కోసి, తడిగుడ్డ పరిచిన బుట్టల్లో పోసి, మొదటి బస్సుకు నెల్లూరు పంపాలి. కోయడానికి అమ్మ, మా రమణక్క, నేను, కూలికి వచ్చే చెంచమ్మ. బస్సు పోయాక అమ్మ నిన్నటి చేపలపులుసు వెచ్చపెట్టేది. రాత్రంతా ఊరిన మామిడికాయ ముక్క నాకో, అక్కకో అని కొట్టుకునేవాళ్ళం. పాలెం వైపు నుంచి ఎండుచేపల వాసన, దడి పక్కన కుప్పపోసిన గొర్రెపెంట వాసన, మా చేతుల్లో మల్లెల వాసన, మూడూ కలిసి ఒకటే వాసన అయ్యేది మా ఇల్లు. ఇప్పటికీ ఎక్కడైనా ఉత్త మల్లెపూల వాసనే వస్తే ఏదో తక్కువైనట్టుంటుంది నాకు. నాయన చుట్ట తాగుతూ వచ్చేవాడు, తాటాకు దడి దగ్గర ఆర్పి చెవి మీద పెట్టుకునేవాడు. చెప్పులు బయటే. లోపల గట్టిగా మాట్లాడనిచ్చేవాడు కాదు. మాతో ఆయన ఎంత తక్కువ మాట్లాడేవాడో మొక్కలతో అంత ఎక్కువ మాట్లాడేవాడు. "ఏం తల్లీ, నిన్న గాలికి బెదిరినావా?" అని అడిగేవాడు వాటిని. మాకు జ్వరమొస్తే అట్లా అడిగిన గుర్తు లేదు.

పని మాత్రం వంక పెట్టలేని పని. వానలు వెనకబట్టాక పాత చెట్లకు నీళ్ళు మానేసి, మేకల్ని తోలి ఆకు మేపించేవాడు. చెట్టు బోడిగా, చచ్చినట్టు కనపడేది. అప్పుడు చిన్న కత్తి తీసుకుని మోకాలెత్తున కొమ్మలు నరికేవాడు, కణుపుకు ఒక వేలు పైన, వాలుగా, నీటిచుక్క నిలవకుండా. లోపలికి పెరిగే కొమ్మ తీసేసి బయటికి పోయే కొమ్మ ఉంచేవాడు, నడుమ గాలి ఆడాలని. తెగిన చోట పేడా ఎర్రమట్టీ కలిపి అక్క అద్దుకుంటూ పోయేది. పసిమొక్కలకు మాత్రం మేకలు లేవు, కత్తి లేదు. వాటికి తాటాకు ముక్క గొడుగు, సముద్రం వైపు కంప అడ్డం. నీళ్ళు కూడా ధారగా పోయకూడదు, అరచెయ్యి అడ్డం పెట్టి వేళ్ళ సందుల్లోంచి జారనివ్వాలి. తొలి ఏడు ఒక్క మొగ్గ నిలవడానికి లేదు. బియ్యపుగింజంత కనబడగానే గోటితో తుంచేయాలి. ఆ పని అక్కది. ఒకసారి నేను, పాపం ఒక్కటన్నా పూయనీయరాదా నాయనా అన్నాను. ఆయన నన్ను దగ్గరకు పిలిచి, వేలంత కాండాన్ని చూపించాడు. "పసిదమ్మా ఇది. ఇప్పుడే పూస్తే దీని ప్రాణమంతా ఆ పూతకే పోద్ది. ముందు వేరు దిగాల, కాండం ముదరాల. రెండేళ్ళు ఓర్చుకుంటే ఇరవయ్యేళ్ళు పూస్తది" అన్నాడు. అంత ముద్దుగా ఆయన నాకు చెప్పిన మాట అదొక్కటే. అందుకే అది అట్లాగే నిలిచిపోయింది.

తోటకు ఇంకో కట్టుబాటు ఉండేది. ముట్టయిన ఆడది దడి దాటకూడదు. ఆ చెయ్యి సోకితే, ఆ గాలి తగిలినా, మల్లె మాడిపోతుందని మా వైపు అందరి నమ్మకం. ఆ రోజుల్లో అమ్మ దడి బయట కూర్చునేది, పాలెంలో మగవాళ్ళతో సహా అందరికీ తెలిసిపోయేది ఎవరికి ఎప్పుడో. సిగ్గేమిటి, దాపరికమేమిటి, తోటే మా ఇంటి దండోరా. రమణక్కకు ఆ తోటంటే పిచ్చి. తుంచిన మొగ్గల్ని పారేయకుండా ఏ మొక్కవి ఆ మొక్క మొదట్లోనే పాతిపెట్టేది. పొడుగ్గా, సన్నగా, మోచేతులు బయటికి పొడుచుకొచ్చి ఉండేది. నోరు మాత్రం పదును. మా మేనత్త బంగారమ్మ, నాయనకు అక్క, కావలి అవతల మాగాణి ఊళ్ళో ఉండేది. ఆమె కొడుక్కి అక్కను ఇవ్వాలని అక్క పుట్టిన రోజే అనుకున్నారట. అత్త వచ్చినప్పుడల్లా, "ఏమ్మే రమణా, మీ నాయన చెట్లకి చేసే ఊడిగం నా కొడుక్కి చేస్తావా?" అనేది. "చేస్తాలే అత్తా, ముందు మోకాలెత్తున కత్తిరించినాక" అనేది అక్క. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. "దీని నోరు పడ! పెద్దమనిషి కానీ చెప్తా దీని సంగతి" అని అత్త కూడా నవ్వేది. నవ్వులాట కాదని మా ముగ్గురికీ తెలుసు. అక్క పెద్దమనిషి అయిన మరుక్షణం అత్త బండి మా గుమ్మంలో ఉంటుంది.

ఒకనాడు సరుగుడుతోపు వెనక నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, అక్క తను పెద్దమనిషి అయిన సంగతి చెప్పింది. ముఖం పాలిపోయి ఉంది. "కామీ, ఎవురికీ చెప్పబాకు, నా మీద ఒట్టు" అంది. దడి బయట కూర్చుంటే అందరికీ తెలుస్తుంది గదా, ఎట్టా దాస్తావక్కా అన్నాను. "కూర్చోను. తోటలోకే పోతా" అంది. "అత్త వచ్చిందంటే నన్ను తీసకపోకుండా పోదు. ఈ కొత్త మొక్కలు తొలి కత్తిరింపుకి వచ్చేదాకానన్నా ఈడనే ఉంటానే. నేను పెంచినయ్యి గదా" అని నా రెండు చేతులూ పట్టుకుంది. మొదటిసారి ఆమె దడి లోపల చేతులు వెనక్కి కట్టుకుని, గట్టు మీద మాత్రమే నడిచింది. మొగ్గలన్నీ నా చేత తుంచించింది. మర్నాడు పరుగెత్తి చూశాం. మొక్కలకు ఏమీ కాలేదు. ఆకులు నిగనిగలాడుతూ ఉన్నాయి. అక్క ఆ రోజు నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. తర్వాతి నెల కొంచెం ధైర్యం వచ్చింది. ఆ తర్వాత మామూలుగానే తిరిగింది.

ఎండలు ముదిరాయి. కొత్త మడి సముద్రం వైపు ఉండేది, దానికి వేరే దొరువు. ఉన్నట్టుండి ఆ మడిలో ఒక సాలు మొక్కలకు ఆకుల అంచులు కాల్చినట్టు నల్లబడ్డాయి. మూడు పొద్దులు తిరిగేసరికి ఆకు మొత్తం రాలి, పుల్లలు మిగిలాయి. పక్క సాలుకూ పాకింది. నాయన అన్నం ముట్టలేదు. ఆ పుల్లల దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కోదాన్ని గోటితో గీరి, లోపల పచ్చిదనం ఉందేమోనని చూసేవాడు. తర్వాత లేచి కోత దగ్గరకు వచ్చాడు. చెంచమ్మ మీద పడ్డాడు. "నువ్వే. ఒక పొద్దు కూలి పోద్దని దాచిపెట్టి దడి దాటినావు. నా బిడ్డల్ని చంపినావు" అన్నాడు. ఆమె బుట్ట కింద పెట్టి, "నా బిడ్డ మీద ఒట్టు సామీ, నేను రాలేదు. ఇన్నేళ్ళ నుంచి చేస్తుండా, ఎప్పుడన్నా అట్టా చేసినానా?" అని ఏడ్చింది. నాయన వినలేదు. ఇంక ఈ తోట ఛాయలకు రాబాకు పో అన్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లేవబోతుంటే అక్క అడ్డం వచ్చింది. ఆపుదామని అక్క పావడా పట్టుకున్నాను. లాక్కుని పోయింది. "ఆమె కాదు నాయనా. నేను" అంది.

ఎప్పటి నుంచి అని అడిగాడు నాయన. కత్తిరింపులప్పటి నుంచి అంది. అమ్మ వచ్చి అక్క వీపు మీద దబదబా బాది, బాదిన చేతులతోనే కావిలించుకుంది. అక్క ఏడ్చింది దెబ్బలకు కాదు. ఆ పుల్లల వైపు చూసి, "నేనే చంపినా, నేనే చంపినా" అని ఏడ్చింది. నాయన ఒక్క దెబ్బ వేయలేదు. చేతులు కడుక్కుని, కండువా దులుపుకుని, బస్సు దగ్గరకు పోయి కావలి వైపు పోయేవాళ్ళతో అత్తకు కబురు పంపాడు.

అత్త వచ్చింది. చేయాల్సిన వేడుక చేశారు. చిమ్మిలి దంచారు, పాటలు పాడారు, అక్కను ఒక మూల కూర్చోబెట్టారు. ఆ మూలలో ఆమె గోడకేసి తిరిగి ఉండేది. వచ్చిన ఆడవాళ్ళు అక్షింతలు వేసి బయటికి పోతూ, "తండ్రి తోటని మాడ్చిందంట" అని చెప్పుకునేవాళ్ళు. అత్త చాప మీద కాళ్ళు చాపుకుని, "దాచిపెట్టే గుణం వచ్చినాక పిల్లని ఇంట్లో ఉంచుకోకూడదబ్బయ్యా. ఈ నెల్లోనే ముహూర్తం పెట్టించు. అంతటితో కాపరానికి తీసకపోతా" అంది. అమ్మ తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చింది. మా అమ్మ ఆడబిడ్డ ముందు నోరెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. "రెండేళ్ళు ఆగు వదినా. పిల్లకి ఒళ్ళు ముదరలేదు. ఎముకలు చూడు, లెక్కబెట్టొచ్చు" అంది. "నేను కాపరానికి పోయినప్పుడు నాకు ఎముకలు లేవా? చచ్చినానా?" అంది అత్త. అమ్మ నాయన వైపు తిరిగింది. "నువ్వు చెప్పవయ్యా. పసిమొక్కకి ఒక్క మొగ్గ నిలవనీవు. వేరు దిగాలంటావు, కాండం ముదరాలంటావు. నీ కూతురు మొక్క పాటి చెయ్యదా?" నాయన అమ్మ ముఖం చూడలేదు. "మొక్కలు నావి. నా ఇష్టమొచ్చినన్నాళ్ళు ఆపుకుంటా. రమణ పుట్టిన పొద్దే మా అక్క సొత్తయిపోయింది" అన్నాడు. అత్త వక్క కొరికి, తృప్తిగా తల ఊపింది. చిన్నపిల్లలకు పెళ్ళి చేయకూడదని చట్టం ఉండేదట గదా అవ్వా అప్పటికే, అని నా మనవరాలు రాయడం ఆపి అడుగుతోంది. ఉంటే ఉండొచ్చు. మా ఊరికి బస్సు వచ్చేది గాని చట్టం రాలేదు.

ఇంట్లో పసుపు దంచుతున్నారు. ఆ రోజు పొద్దున్నే నాయన కొత్త మడిలో చచ్చిన పుల్లలు పీకి మళ్ళీ అంట్లు నాటుదామని బయలుదేరాడు. ముంత పట్టుకుని నేను వెనక పోయాను. ఎండలకు నీళ్ళు చాలక ఆ మడికున్న చిన్న దొరువును ఆయన అంతకు ముందే లోతు చేసి ఉన్నాడు. నిలబడితే గట్టు ఆయన గుండెలదాకా వచ్చింది. పాత దొరువు నీళ్ళు రోజూ రుచి చూసే మనిషి, ఈ కొత్తదాని సంగతి తనకు తెలుసులే అనుకున్నాడేమో, చూసినట్టు లేదు. ఆ పొద్దు పుక్కిలించడానికి దోసిట్లోకి తీసుకున్నాడు. నోట్లో పోసుకుని ఆగిపోయాడు. ఉమ్మాడు. మళ్ళీ తీసుకున్నాడు, మళ్ళీ ఉమ్మాడు. తర్వాత గట్టు మీద చతికిలబడ్డాడు. నేను ఉన్నానని గుర్తొచ్చి, "నువ్వు చూడు" అన్నాడు. చూశాను. "ఉప్పు నాయనా" అన్నాను. సముద్రం నీళ్ళంత ఉప్పు కాదు గాని, పసిమొక్కను చంపడానికి అది చాలు. నాకు సంతోషం పట్టలేదు. ఎగిరి గంతేశాను. "అక్క వల్ల కాదు నాయనా! అక్క చెయ్యి కాదు!" అన్నాను. ఆయన నా నోరు మూశాడు. పెట్టిన చెయ్యి తీయకుండానే, "ఎవురితోనూ అనబాకు" అన్నాడు. నన్ను ఇంటికి పొమ్మని పార తీసుకున్నాడు. మధ్యాహ్నానికి ఆ దొరువు లేదు. ఇసుక పోసి, కాళ్ళతో తొక్కి, పైన తాటాకులు పరిచాడు.

నేను అన్నాను. నోరు మూస్తే మూసుకునే రకం కాదు నేను. ముందు అమ్మతో చెప్పాను. అమ్మ పోయి అడిగితే, "అక్కకి మాటిచ్చినా, పసుపు దంచినారు. ఇప్పుడు ఏం చెప్పమంటావు? ఊరందరికీ నీళ్ళు చూసిపెట్టేవాడు తన దొరువులోనే ఉప్పు తెచ్చుకున్నాడని చెప్పమంటావా?" అన్నాడట. అమ్మ తిరిగి వచ్చి రోకలి అందుకుంది. తర్వాత అక్క దగ్గరకు పోయాను. చెవిలో చెప్పాను. అక్క నా తల నిమిరి, "నా మనసు కోసం చెప్తుండావులే" అంది. ఒట్టు వేశాను. అయినా నమ్మలేదు. అన్నాలప్పుడు ఆమె నాయన వైపు చూడకుండా, పళ్ళెంలోకే చూస్తూ అడిగింది. "చిన్న దొరువు ఎందుకు పూడ్చినావు నాయనా?" నాయన ముద్ద కలుపుతూ, "గట్టు కూలింది" అన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు, మింగాడు. అక్క నా వైపు చూసింది. కోపంగా కాదు. చిన్నపిల్లవి, నా కోసం అబద్ధమాడావు పాపం అన్నట్టు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మోస్తాను.

పెళ్ళయి వెళ్ళిపోయింది. ఏడాది తిరక్కుండా పురిటికి తీసుకొచ్చారు. పొట్ట తప్ప ఇంకేమీ లేదు మనిషిలో. అత్తవాళ్ళ పెరట్లో కరివేపాకు కూడా కోయదట, "నా చెయ్యి మంచిది కాదు" అంటుందట. కడుపుతో ఉన్నదానికి దడి అడ్డం కాదు గదా, తోటలోకి రా అక్కా, మిగిలిన మొక్కలు ఎంత గుబురయ్యాయో చూద్దువు అని బతిమాలాను. దడి దగ్గరదాకా వచ్చి, తాటాకు సందులోంచి చూసి, వెనక్కి తిరిగింది. అప్పటికి తొలి కత్తిరింపు అయిపోయింది. నేను నాయన దగ్గరకు పోయి కాళ్ళు పట్టుకున్నాను. నిజంగానే పట్టుకున్నాను. "నేను చెప్తే నమ్మదు నాయనా. నీ నోటితో ఒక్క మాట చెప్పు. ఉప్పుకు చచ్చినాయని చెప్పు" అన్నాను. ఆయన చాలాసేపు కత్తి పదును చూసుకుని, "పురుడు కానీ. చెప్తాలే" అన్నాడు. పురుడయింది. ఆడపిల్ల. మంత్రసాని చేతులు కడుక్కోకముందే అక్క చల్లబడిపోయింది. ఇప్పుడు ఇది రాస్తున్న పిల్ల ఎవరనుకున్నారు? ఆ పురిట్లో మిగిలిన బిడ్డకు కూతురు. నాకు మనవరాలే, నేను కనకపోయినా.

అక్క బిడ్డకు పాలు ఎవరు పోస్తారు, బావకు అన్నం ఎవరు పెడతారు అన్నారు. అత్త మళ్ళీ బండి కట్టుకుని వచ్చింది. ఈసారి నా కోసం. అమ్మ ఈసారి తలుపు చాటు నుంచి రాలేదు. అప్పటికి ఆమెకు మాట్లాడే ఓపిక పోయింది. నాకు అక్క పెళ్ళినాటి వయసు కూడా లేదు. పంపించారు. బావ చెడ్డవాడని అనను, మంచివాడని చెప్పేంత పరిచయం కూడా కాలేదు నాకు ఆయనతో. మాగాణిలో తిరిగేవాడు, వచ్చి తినేవాడు, పడుకునేవాడు. నా కడుపున రెండు నిలిచి రెండూ పోయాయి. అక్క బిడ్డ ఒక్కటే నా కొంగు పట్టుకుని తిరిగేది. ఈ కాలం వాళ్ళతో చెప్తే అదేం బతుకు అంటారు. నా మనవరాలికి ఇరవై దాటి ఎన్నేళ్ళయిందో, ఉద్యోగం చేస్తుంది, పెళ్ళి మాట ఎత్తితే చూద్దాంలే అవ్వా అంటుంది, ఎవరూ బండి కట్టుకుని రారు. ముట్టయిన రోజున కూడా ఆ మొక్కకు తనే నీళ్ళు పోసింది, మొక్క చావలేదు. చూసి సంతోషపడాలి గదా నేను. సంతోషం కంటే ముందు కడుపు మండుతుంది. ఇంత చిన్న సంగతా! ఇంత తేలిగ్గా అయిపోయే సంగతికా మా అక్క మట్టిలోకి పోయింది! మా ఊరి వైపు నుంచి మొన్న ఎవరో వచ్చి చెప్పారు, మా మల్లెతోట ఉన్న చోట ఇప్పుడు రొయ్యల గుంటలట. సముద్రపు నీళ్ళు మోటార్లు పెట్టి తోడి తెచ్చి పోసుకుంటున్నారట. మంచిదే. ఆ నేలలో ఏది దాచినా ఇంక ఎవరూ తవ్వరు.

బావ పాము కరిచి పోయాడు. అప్పటికి నాకు ఈ నా మనవరాలి వయసు కూడా లేదు. పదోరోజు నన్ను పీట మీద కూర్చోబెట్టారు. ఆఖరుసారి గాజులు తొడిగి, బొట్టు పెట్టి, పూలు పెట్టి, తర్వాత అవన్నీ తీసేయాలి. పుట్టింటివాళ్ళు పూలు తేవాలి గదా. నాయన మొదటి బస్సుకు తన తోటలో కోసిన మల్లెలు బుట్టెడు తెచ్చాడు. తడిగుడ్డ తీయగానే ఇల్లంతా వాసన. ముసలితనం రాకముందే ఆయన నడుము వంగింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా గుమ్మం నిండా ఉన్నారు. అత్త మాల తీసి నా జడ మీదికి తేబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "ఆగు అత్తా. ముందు మా నాయన ఒక మాట చెప్పాల" అన్నాను. అందరూ ఏదో పొలం సంగతో, నన్ను తీసుకుపోయే సంగతో అనుకున్నారు. నాయనకు మాత్రం అర్థమయింది. కళ్ళు నేలకు దించాడు. "కొత్త మడిలో మొక్కలు దేనికి చచ్చినాయి నాయనా?" అన్నాను.

"ఇప్పుడెందుకమ్మా అది" అన్నాడు. ఇప్పుడే అన్నాను. చెప్పేదాకా ఈ పీట మీద నుంచి లేవను, పువ్వు పెట్టనివ్వను, తీయనివ్వను అన్నాను. అత్త నా భుజం మీద ఒకటి వేసి, "మొగుడు పోయినాక దీనికి మతి పోయింది, ఏం మడి, ఏం మొక్కలు?" అంది. నేను ఆయన వైపే చూస్తూ ఉన్నాను. ఆఖరికి పెదాలు కదిపాడు. గట్టిగా చెప్పు, వినబడలేదు అన్నాను. "ఉప్పమ్మా" అన్నాడు అప్పుడు, గుమ్మం అవతలికి వినబడేలా. "దొరువు లోతు తవ్వినా. ఉప్పు తేలింది. రమణ చేసింది ఏమీ లేదు. నాకు అప్పుడే తెలుసు" అన్నాడు. గుమ్మంలో ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో చాలామందికి రమణ ఎవరో తెలియదు. ఒకామె పక్కామెను, ఏందంట అని అడిగింది. ఏమో, చెట్ల సంగతంట అంది పక్కామె. అత్త మాల నా జడకు చుట్టేసింది. నాయన కండువా తీసి ముఖం తుడుచుకుని, పెద్దగా ఊపిరి వదిలి, ఎన్నాళ్ళనుంచో మోస్తున్న మూట దించుకున్న మనిషిలాగా గోడకు చేరగిలబడ్డాడు. ఆ ఊపిరి చూశాక, ఆయన మీద నాకు మిగిలి ఉన్న కాస్త జాలి కూడా పోయింది. ఆయన మూట దించుకోవడానికి కాదు నేను అడిగింది.